మేకమేయని ఆకు: నాటు పశువైద్యం చరిత్ర

గంజాం జిల్లాలో, పురుషోత్తమపురం సమీపాన, ఋషికుల్యా నది దగ్గర జౌగడ అనే చోటు ఉంది. అక్కడి బండ మీద అశోకుని శాసనాలు చెక్కి ఉన్నాయి. అవి క్రీస్తు పూర్వం 3వ శతాబ్దం నాటివి. వాటిలో రెండవది వైద్యానికి సంబంధించినది. మనుషులకూ పశువులకూ వైద్యం ఏర్పాటు చేశామనీ, ఇద్దరికీ పనికివచ్చే మూలికలు లేనిచోటికి వాటిని తెప్పించి నాటించామనీ దాని సారాంశం. ఇదే శాసనం కర్నూలు జిల్లా ఎర్రగుడిలో కూడా ఉంది. పశువుల మందుమొక్కల గురించి ఈ దేశంలో ఒక ప్రభుత్వం రాయించిన మాటల్లో ఇంతకంటె పాతవి మనకు దొరకలేదు.

అదే గంజాం పేరుతో ఈనాడు ఒక మేకజాతి ఉంది. పొడుగు కాళ్ళు, పొడుగాటి కొమ్ములు దాని గుర్తు. దక్షిణ ఒడిశాలో మందలు తోలుకుంటూ ఊరూరా తిరిగే గొల్లలు ఆ జాతిని నిలబెట్టారు. వాళ్ళు మనవాళ్ళే. 1936 ఏప్రిల్ 1న ఒరిస్సా రాష్ట్రం ఏర్పడి గంజాం అందులో చేరినప్పుడు పాలనాభాష మారింది గాని మందవెంట నడిచే మనిషి నోటిమాట మారలేదు.

ఆ శాసనానికీ ఈ మేకకూ మధ్య రెండు వేల ఏళ్ళు పైగా గడిచాయి. ఇంతకాలం మేకకు జబ్బు చేస్తే మందు ఎవరు వేశారు? ఆ మందు ఎక్కడ రాసి ఉంది? గత ముప్పై ఏళ్ళలో విశ్వవిద్యాలయాలూ, స్వచ్ఛంద సంస్థలూ, మహిళా సంఘాలూ మేకల పెంపకందార్లను కూర్చోబెట్టి ఆకుమందులు చేయడం ఎందుకు నేర్పుతున్నాయి? నేను కామర్స్ చదివి బ్యాంకులో ఉద్యోగం చేస్తున్నవాణ్ణి. వైద్యం నా విద్య కాదు. అయితే మేకల అప్పుల ఫైళ్ళు చాలా చూశాను. ఆ దారినే ఈ ప్రశ్నలు నాకు ఎదురయ్యాయి.

రాజుగారి పశువు, పేదవాడి పశువు

మన పూర్వులు పశువైద్యం మీద గ్రంథాలు రాయలేదని కాదు. గుర్రాలకు శాలిహోత్రుని పేర, నకులుని పేర శాస్త్రాలున్నాయి. ఏనుగులకు పాలకాప్యుని హస్త్యాయుర్వేదం ఉంది. తెలుగులో కూడా మనుమంచి భట్టు గుర్రాల లక్షణాల మీద పద్యాల్లో గ్రంథం రాశాడు. తంజావూరు సరస్వతీ మహలులో గుర్రాల మీద, ఏనుగుల మీద బొమ్మలతో సహా రాసిన ప్రతులు ఉన్నాయి. తంజావూరును 1798 నుంచి 1832 వరకు ఏలిన శరభోజి మహారాజుకు వైద్యం మీద ఉన్న ఆసక్తి అందరికీ తెలిసినదే. నకులుని అశ్వశాస్త్రాన్ని ఆ గ్రంథాలయం 1952లో అచ్చువేసింది.

గమనిస్తే, గ్రంథానికెక్కినవి ముఖ్యంగా యుద్ధానికీ ఊరేగింపుకూ పనికివచ్చే జంతువులు. గుర్రం చస్తే రాజుకు నష్టం. మేక చస్తే ముసలమ్మకు నష్టం. ముసలమ్మ నష్టాన్ని రాసుకునే లేఖకుడు ఉండడు. కాబట్టి మేక వైద్యం తాటాకుల మీదికి ఎక్కకుండా మేపేవాళ్ళ నోళ్ళలోనే ఉండిపోయింది. మందవెంట తిరిగే మగవాళ్ళకు కొన్ని మందులు తెలుసు. ఇంటి దగ్గర పిల్లలనూ, ఈనిన మేకనూ, కుంటిదాన్నీ చూసుకునే ఆడవాళ్ళకు ఇంకా ఎక్కువ తెలుసు. కడుపుబ్బరం, పారుడు, పురుగు పట్టిన పుండు, పొదుగువాపు, గోమార్ల బాధ, ఇవన్నీ వాళ్ళ చేతిమీదుగా నయమైనవే. కొన్ని నయం కానివీ ఉన్నాయి. వాటి సంగతి తరువాత చెబుతాను.

ఈ విద్య రాతలో లేకపోయినా మాటలో దాని ఆనవాళ్ళు ఉన్నాయి. ఆయాసానికి వాడే ఒక తీగకు తెలుగులో 'మేకమేయని ఆకు' అని పేరు. కన్నడంలో దాన్నే 'ఆడుముట్టద బళ్ళి' అంటారు. అంటే మేక ముట్టని తీగ. తమిళంలో 'ఆడుతీండాప్పాళై' అని మరొక మొక్క ఉంది. దాని అర్థం కూడా మేక తాకని పాళై అనే. మనం దాన్ని గాడిదగడపాకు అంటాం. మన అడ్డసరాన్ని తమిళులు 'ఆడాతొడై' అంటారు. అదీ మేక ముట్టదు గనకనే అలా అన్నారని అక్కడివాళ్ళు చెబుతారు. కనబడిన ఆకునల్లా నమిలే జంతువు దేన్ని వదిలిపెడుతుందో చూసి, అందులో ఏదో ఘాటు ఉందని పసిగట్టి పేరు పెట్టారు. మూడు భాషల్లోనూ ఒకే చూపు. శాస్త్రం రాయని మనుషులు పేరులోనే తాము గమనించిన సంగతి దాచుకున్నారు.

మన భాష మాట్లాడే పశుపాలకులు గంజాంలోనే కాదు, ఇతర చోట్లా ఉన్నారు. తమిళనాడులో తేని, దిండిగల్ వైపు కంబళత్తు నాయకర్లు శతాబ్దాలుగా తెలుగును ఇంటిభాషగా ఉంచుకున్నారు. దేవుడి పేర వదిలిన ఆవుల మందలను కాపాడటం వాళ్ళ ఆచారం. ఆ మందలను 'తంబిరాన్ మాడు' అంటారు. పశువును కాచేవాడి దగ్గర మందు పేర్లు ఆ భాషతోనే ఉంటాయన్న సంగతి ఇక్కడ గుర్తుంచుకోవాలి.

అడవికి కంచె, పశువుకు సూది

19వ శతాబ్దపు రెండో సగంలో రెండు మార్పులు వెంటవెంటనే వచ్చాయి. మొదటిది అడవి చట్టం. 1878లో భారత అటవీ చట్టం, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చాయి. అప్పటికి గంజాం మద్రాసు ప్రెసిడెన్సీలోదే. రిజర్వు అడవి అన్న గీత గీసిన తరువాత మేతకు పర్మిటు, రుసుము అవసరమయ్యాయి. చాలాచోట్ల మేకకు అసలు ప్రవేశమే లేకుండా చేశారు. లేత మొలకలు తినేస్తుందని మేక మీద నేరం. మేతతోబాటు మందుమొక్కలు కూడా కంచె అవతలే మిగిలాయి. కొడుకుకు చూపించడానికి మొక్క ఎదురుగా లేకపోతే తండ్రి దగ్గరున్న విద్య ఒక తరంలో సగమవుతుంది.

రెండవది ప్రభుత్వ పశువైద్యం. ముసర వ్యాధి, అంటే పశువుల ప్లేగు, పల్లెలను ఖాళీ చేస్తుండగా దాని మీద విచారణకు వేసిన సంఘం 1871లో నివేదిక ఇచ్చింది. 1889లో పూనాలో ఇంపీరియల్ బాక్టీరియలాజికల్ లేబొరేటరీ పెట్టారు. కొద్ది ఏళ్ళకే దాన్ని కుమావూ కొండల్లోని ముక్తేశ్వర్‌కు తరలించారు. బొంబాయిలో 1886లో, మద్రాసులో 1903లో పశువైద్య కళాశాలలు వచ్చాయి. ఆ వైద్యుల దృష్టి మొదట సైన్యం గుర్రాల మీద, తరువాత నాగలి లాగే ఎద్దు మీద. మేక ఇక్కడా వరసలో చివరనే నిలబడింది.

వింత ఏమిటంటే ముసర వ్యాధి కథలో మేకది పెద్ద పాత్రే. 1920లలో ముక్తేశ్వర్‌లో ఎడ్వర్డ్స్ అనే శాస్త్రజ్ఞుడు ఆ రోగక్రిమిని ఒక మేకనుంచి మరొక మేకకు వరసగా ఎక్కించి, బలం తగ్గించి, దానితో పశువులకు టీకా తయారుచేశాడు. స్వాతంత్ర్యం వచ్చాక 1954లో మొదలైన జాతీయ నిర్మూలన కార్యక్రమంలో ఆ మేకటీకా లక్షలాది పశువులను కాపాడింది. 2006లో భారతదేశం ముసర వ్యాధి లేని దేశమని గుర్తింపు పొందింది. 2011లో ప్రపంచం నుంచే ఆ వ్యాధి పోయిందని ప్రకటించారు. ఏ ఆకూ ఏ పసరూ ఈ పని చేయలేకపోయాయి. నాటువైద్యం గురించి మాట్లాడేవాళ్ళు ఈ సంగతిని దాటవేయకూడదు.

అదే సమయంలో ఇంకొకటి కూడా జరిగింది. కళాశాలలో చదివిన వైద్యుడికి పాఠ్యపుస్తకంలో లేనిదంతా మూఢనమ్మకంగా కనిపించింది. నిజంగా మూఢమైనవి ఉన్నాయి. జబ్బు చేసిన పశువుకు కాల్చిన కడ్డీతో వాతలు పెట్టడం అలాంటిదే. అయితే వాతనూ వేపనూ ఒకే గంపలో వేసి పారబోయడం వల్ల, ప్రయోజనం ఉన్న మందులను పరీక్షించి చూసే పని దాదాపు నూరేళ్ళు ఆగిపోయింది.

చెవి బిళ్ళ

1980 అక్టోబరు 2 నుంచి సమగ్ర గ్రామీణాభివృద్ధి పథకం దేశంలోని అన్ని బ్లాకులకూ విస్తరించింది. బ్యాంకుల్లో అందరూ దాన్ని ఐ.ఆర్.డి.పి. అనేవారు. పేద కుటుంబానికి సబ్సిడీ, అప్పు కలిపి ఒక ఆదాయ వనరు ఇవ్వడం దాని ఉద్దేశం. భూమి లేనివాళ్ళకు ఇవ్వగలిగిన వనరుల్లో మేకలు ముఖ్యమైనవి. పది ఆడమేకలు, ఒక పోతు అనేది మాకు అలవాటైన యూనిట్. 1999 ఏప్రిల్ 1న ఆ పథకం స్వర్ణజయంతి గ్రామ స్వరోజ్‌గార్ యోజనలో కలిసింది. తరువాత 2011లో జాతీయ గ్రామీణ జీవనోపాధుల మిషన్ వచ్చింది. పేర్లు మారాయి గాని మేక మాత్రం అన్నిటిలోనూ ఉంది.

కాగితం మీద లెక్క బాగుండేది. మేక అయిదు నెలలకు ఈనుతుంది. తరచు రెండు పిల్లలు వేస్తుంది. పిల్లలు ఎదిగితే అమ్మి కిస్తీ కట్టవచ్చు. కాని ఈ లెక్కంతా పిల్లలు బతికితేనే. కడుపులో పురుగులున్న తల్లికి పాలు రావు. పాలు లేని పిల్ల వానకాలం దాటదు. పదిలో మూడు మేకలు పోతే ఏడింటి ఆదాయంతో పదింటి అప్పు తీర్చాలి. పథకాల మీద రాసిన పెద్ద విశ్లేషణల్లో దీన్ని 'మొండిబాకీ' అన్నారు. పాకలో దాని పేరు పారుడు.

మరి భీమా లేదా అంటే ఉంది. మేక చెవికి బిళ్ళ వేస్తారు. మేక చస్తే ఆ బిళ్ళ, పశువైద్యుడు ఇచ్చిన శవపరీక్ష పత్రం రెండూ జతచేస్తేనే క్లెయిము. ఆస్పత్రి పది పన్నెండు మైళ్ళ దూరంలో ఉంటే, ఎండలో చచ్చిన మేకను కాపలా కాస్తూ డాక్టరు కోసం ఎదురుచూడటం ఎవరివల్ల అవుతుంది? డాక్టరుగారి వైపు నుంచి చూసినా అంతే. ఆవుకోసం అంతదూరం వెళ్ళడంలో అర్థముంది. ఒక మేకకోసం వెళ్ళివస్తే దారిఖర్చు, మందుల ఖర్చు కలిపి మేక ధరకు దగ్గరవుతాయి. ఇది ఎవరి తప్పూ కాదు. వస్తువు విలువ తక్కువైనప్పుడు దాన్ని కాపాడే ఖర్చు కూడా తక్కువ ఉండాలి. లేకపోతే ఆ వస్తువును ఎవరూ కాపాడరు. ఇది వాణిజ్యశాస్త్రంలో మొదటి పాఠం.

నా దృష్టిలో ఆకుమందుల శిక్షణ తిరిగి రావడానికి అసలు కారణం ఇక్కడుంది. ప్రాచీన విజ్ఞానం మీది భక్తి కంటె ఈ దూరమే, ఈ లెక్కే ఎక్కువ పనిచేశాయి. 1951లో దేశంలో సుమారు 4.7 కోట్ల మేకలుండేవి. 2019 పశుగణనలో 14.88 కోట్లు తేలాయి. ఇన్ని మేకల దగ్గరికి డాక్టరు నడిచివెళ్ళడం ఏ ప్రభుత్వానికీ సాధ్యం కాదు. మేక పక్కన ఉన్న మనిషికే ప్రథమ చికిత్స చేతకావాలి.

మళ్ళీ నేర్చుకోవడం

1986లో కాన్‌స్టన్స్ మెక్‌కార్కిల్ అనే అమెరికన్ మానవశాస్త్రజ్ఞురాలు ప్రజల పశువైద్యాన్ని ఒక అధ్యయన విషయంగా నిలబెడుతూ వ్యాసం రాశారు. దాన్ని ఇంగ్లీషులో ఎత్నోవెటర్నరీ అంటారు. మనం జానపద పశువైద్యం అనుకోవచ్చు. మన దేశంలో 1980ల చివర అహ్మదాబాదులో ఆచార్య అనిల్ గుప్తా మొదలుపెట్టిన హనీబీ నెట్‌వర్క్, రైతులు చెప్పిన ఉపాయాలను వాళ్ళ పేరుతోనే నమోదు చేయాలన్న నియమం పెట్టుకుంది. 1992లో మహిళా పశువైద్యులు కొందరు 'అంత్ర' అనే సంస్థ ప్రారంభించారు. నిత్యా ఘోట్గే, సాగరి రామ్‌దాస్ దానికి ముఖ్యులు. మహారాష్ట్రలో, ఆంధ్రప్రదేశ్‌లో పల్లెల్లో తిరిగి పశువుల కాపరుల మందులు సేకరించారు. పల్లె స్త్రీలకు పశు ఆరోగ్యంలో శిక్షణ ఇచ్చారు. డాక్టర్లే కాపరుల దగ్గర కూర్చుని రాసుకోవడం కొత్త సంగతి. 1997 నవంబరులో పూనాలో బైఫ్ సంస్థ ఈ విషయం మీద అంతర్జాతీయ సదస్సు జరిపింది. నూరేళ్ళ కిందట ప్రభుత్వ పశువైద్య పరిశోధన మొదలైన ఊళ్ళోనే ఆ సదస్సు జరిగింది.

తమిళనాడులో తంజావూరు దీనికి కేంద్రమయింది. 1989లో ఏర్పడిన తమిళనాడు పశువైద్య విశ్వవిద్యాలయం అక్కడి తన కేంద్రంలో మూలికా వైద్యానికి శిక్షణ విభాగం నడిపింది. ఆచార్య పుణ్యమూర్తి ఆ పనికి పేరుపొందారు. వంటింటి సరుకులతో, పెరటి మొక్కలతో కొలతల ప్రకారం చేసుకునే మందులను అక్కడ స్థిరపరచారు. బెంగళూరులోని ట్రాన్స్ డిసిప్లినరీ విశ్వవిద్యాలయం, జాతీయ పాడి అభివృద్ధి బోర్డు వాటిని ఇతర రాష్ట్రాల పాల సంఘాలకు చేర్చాయి. పాలలో యాంటీబయాటిక్ అవశేషాలు తగ్గించాలన్న అవసరం దీనికి తోడయింది.

మేకల విషయంలో ముఖ్యమైన మార్పు 'పశు సఖి' పద్ధతి. లక్నోలోని గోట్ ట్రస్ట్ వంటి సంస్థలు ఊళ్ళోని ఒక స్త్రీకి శిక్షణ ఇచ్చి, చుట్టుపక్కల ఇళ్ళ మేకలను ఆమెకు అప్పగించే విధానం తెచ్చాయి. మహారాష్ట్రలో మహిళా ఆర్థిక వికాస్ మహామండల్ సంఘాల్లో, బీహారు, జార్ఖండ్ పల్లెల్లో ఇది పాతుకుంది. ఆమె టీకాల రోజు గుర్తుచేస్తుంది, పురుగుల మందు పోస్తుంది, ఆకుమందు కలిపి ఇస్తుంది, కొద్ది రుసుము తీసుకుంటుంది. 2022లో కేంద్రం మొదలుపెట్టిన 'ఎ-హెల్ప్' కార్యక్రమం ఇలాంటి స్త్రీలకు ప్రభుత్వ గుర్తింపు ఇచ్చే ప్రయత్నం.

చట్టం కూడా చూడాలి. 1984 నాటి భారత పశువైద్య మండలి చట్టం ప్రకారం వైద్యం చేసే హక్కు రిజిస్టరయిన డాక్టరుదే. 30వ సెక్షను కింద చిన్న సేవలను మాత్రం, డాక్టరు పర్యవేక్షణలో, సర్టిఫికెట్ ఉన్నవాళ్ళు చేయడానికి రాష్ట్ర ప్రభుత్వాలు అనుమతించవచ్చు. కాబట్టి పశు సఖి డాక్టరుకు పోటీ కాదు. డాక్టరు వచ్చేదాకా మేకను నిలబెట్టే మనిషి.

ఏది పనిచేస్తుంది, ఏది చేయదు

ఈ శిక్షణల్లో ఏం నేర్పుతారో ఒకటి రెండు ఉదాహరణలు చెబుతాను. పొదుగువాపుకు తంజావూరు పద్ధతి బాగా వ్యాపించింది. ఆవు లెక్కన కలబంద 250 గ్రాములు, పసుపు 50 గ్రాములు, సున్నం 15 గ్రాములు కలిపి రుబ్బుతారు. ఆ ముద్ద ఎర్రగా మారుతుంది. పొదుగు కడిగి, పాలు పూర్తిగా పిండివేసి, కొద్దికొద్దిగా నీళ్ళలో పలచన చేసి రోజుకు ఎనిమిది పది సార్లు రాయాలి. ప్రతిరోజూ కొత్తగా చేసుకోవాలి. మేకకు మోతాదు తగ్గుతుంది. గిట్టల పుండ్లకు కుప్పింటాకు, వేపాకు, తులసి, గోరింటాకు, వెల్లుల్లి, పసుపు రుబ్బి కొబ్బరినూనెలోగాని నువ్వులనూనెలోగాని మరిగిస్తారు. పుండులో పురుగు ఉంటే మొదటిరోజు సీతాఫలం ఆకు ముద్దగాని కర్పూరం కలిపిన కొబ్బరినూనెగాని పెడతారు.

ఇవి కొత్తగా కనిపెట్టినవి కావు. కొత్త సంగతల్లా కొలత. అమ్మమ్మ చేతిలో గుప్పెడు ఉండేది, చిటికెడు ఉండేది. ఆమె చేతికి అనుభవం ఉంది కాబట్టి సరిపోయేది. నలభైమందికి నేర్పాలంటే గ్రాములు కావాలి. ఏ రోజు ఎన్ని సార్లు అన్న నియమం కావాలి. మందు వేసిన తేదీ, ఫలితం రాసుకునే పుస్తకం కావాలి. మంచి శిక్షణలో ఆ పుస్తకం తప్పక ఉంటుంది.

మందు కంటె ముందు చూపు నేర్పుతారు. మేక కింది కనురెప్ప లాగి చూస్తే ఎర్రగా ఉండాలి. తెల్లబారి ఉంటే రక్తం తాగే పురుగు కడుపులో ఉందని అనుమానించాలి. దవడ కింద నీరు దిగితే ఇంకా ముదిరినట్టు. అప్పుడు మోదుగ గింజలని, వాయువిడంగాలని కాలయాపన చేయకుండా డాక్టరు చెప్పిన పురుగుల మందే పోయాలి. అన్ని మేకలకూ ఒకే మందు ఏడాది పొడుగునా పోస్తే పురుగు దానికి లొంగకుండా పోతుంది. కాబట్టి అవసరమైన మేకకే పోయాలి. ఈ విచక్షణ ఏ మందుకైనా ముఖ్యం.

ఇక ఆకుమందు చేయలేని పనులు. 1987లో తమిళనాడులో అప్పటి దక్షిణ ఆర్కాటు జిల్లా అరసూరులో గొర్రెలకు వచ్చిన ఒక జబ్బును పి.పి.ఆర్. అని గుర్తించారు. మన దేశంలో దాన్ని గుర్తించడం అదే మొదలు. జ్వరం, ముక్కు కన్ను కారడం, నోటిపూత, పారుడు, ఆయాసం, కొద్దిరోజుల్లో మందలో చాలా భాగం పోవడం, ఇదీ దాని తీరు. తెలుగు పల్లెల్లో పారుడు రోగం అంటున్నది ఇదే. దీనికి ఏ పసరూ పనిచేయదు. టీకా ఒక్కటే రక్ష. అరసూరు గొర్రెనుంచి తీసిన క్రిమితో మద్రాసులోనూ, హిమాచల్‌లోని సుంగ్రి మేకనుంచి తీసిన క్రిమితో ముక్తేశ్వర్‌లోనూ టీకాలు తయారయ్యాయి. చిటుకు రోగానికీ, బొబ్బ రోగానికీ కూడా టీకాయే దారి. ఈ జబ్బులకు కషాయం ఇచ్చి కూర్చోమని ఎవరైనా నేర్పితే అది శిక్షణ కాదు, మోసం.

ఇంకొక జాగ్రత్త. పాతది గనుక హాని లేదనుకోవద్దు. పైన చెప్పిన గాడిదగడపాకును పురుగులకు వాడటం చాలా ప్రాంతాల్లో ఉంది. ఆ జాతి మొక్కల్లో ఉండే ఆమ్లం మూత్రపిండాలను పాడుచేస్తుందనీ, మనుషుల్లో కాన్సరుకు కారణమవుతుందనీ ఈనాడు రుజువయింది. మేక దాన్ని తాకనందుకు కారణం లేకపోలేదు. పెద్దలు పెట్టిన పేరులోనే హెచ్చరిక ఉంది.

పేరు ఎవరి భాషలో

1995లో పసుపుతో పుండు మాన్పే పద్ధతికి అమెరికాలో ఒక పేటెంటు ఇచ్చారు. మన శాస్త్రీయ పరిశోధనా మండలి అభ్యంతరం చెప్పింది. ఇది మాకు తరతరాలుగా తెలుసు అంటే చాలలేదు. అచ్చులో ఉన్న ఆధారాలు చూపించవలసి వచ్చింది. 1997లో ఆ పేటెంటు రద్దయింది. పసుపుకు గ్రంథాలున్నాయి గనుక బతికింది. మేకల మందుకు గ్రంథం లేదని మొదటే అనుకున్నాం. నోటిలో ఉన్నది రాతలోకి రాకపోతే దానికి యజమాని లేనట్టే. ఖాతాలో ఎక్కని ఆస్తి ఆస్తి కాదు.

2002లో జీవవైవిధ్య చట్టం వచ్చింది. దాని కింద ప్రతి స్థానిక సంస్థలోనూ ఒక కమిటీ, ఆ కమిటీ దగ్గర ప్రజా జీవవైవిధ్య రిజిస్టరు ఉండాలి. ఊరి మొక్కలు, పశువులు, వాటి ఉపయోగాలు అందులో రాయాలి. ఆ పట్టికల్లో 'స్థానిక పేరు' అని ఒక గడి ఉంటుంది. మన పత్రిక చదివేవాళ్ళకు అసలు పని ఆ గడిలో ఉందని నా మనవి.

ఎందుకంటే శిక్షణలు రాష్ట్రభాషలో జరుగుతాయి. కరపత్రాలూ ఆ భాషలోనే ఉంటాయి. అది సహజం. మన వావిలిని తమిళంలో నొచ్చి అంటారు, కన్నడంలో లక్కి, మరాఠీలో నిర్గుడి, ఒడియాలో బెగునియా. మన నల్లేరు తమిళానికి పిరండై, ఒడియాకు హాడభంగా. నేలవేము ఒక్కటే దయతలచి అందరికీ అందుతుంది. తమిళంలో నిలవేంబు, కన్నడంలో నెలబేవు, ఒడియాలో భూఇనింబ, అన్నిటికీ నేలమీది వేప అనే అర్థం. మిగిలినవాటి సంగతి అంత సులువు కాదు. గంజాంలో గొల్ల అవ్వకు వావిలి తెలుసు. బెగునియా అని రాసిన కాగితం ఆమె మనవరాలు చదువుతుంది. చెట్టు ఒకటే, దొడ్డివెనకే ఉంది. కాని మనవరాలి కాగితానికీ అవ్వ నోటికీ మధ్య సంబంధం కలిపేవాళ్ళు లేకపోతే, అవ్వకు ఆ ఆకు గురించి తెలిసిన మరో నాలుగు ఉపయోగాలు ఆమెతోనే పోతాయి. శిక్షణ ఇచ్చే సంస్థకు ఆ నష్టం కనిపించదు. వాళ్ళ లెక్కలో అవ్వకు ఏమీ తెలియదు, ఇప్పుడే నేర్చుకుంది.

ఇది ఇతర భాషల మీద ఫిర్యాదు కాదు. మనం అన్నం తింటున్న నేల భాష మనకూ కావాలి. శిక్షణ ఒడియాలో జరిగితే జరగనీయండి, తమిళంలో జరగనీయండి. మన ఇళ్ళలో పేర్లు కలిపి రాసుకోవడానికి ఎవరి అనుమతీ అక్కరలేదు. ఒక నోటు పుస్తకంలో నాలుగు గడులు గీస్తే చాలు: మనం పిలిచే పేరు, ఊరివాళ్ళు పిలిచే పేరు, ఏ జబ్బుకు ఏ భాగం వాడతారు, ఎవరు చెప్పారు. నాలుగో గడి వదలకూడదు. చెప్పినవాళ్ళ పేరు రాయడం వాళ్ళ హక్కు. మోతాదు తెలియకపోతే ఖాళీ వదలండి, ఊహించి నింపవద్దు. వృక్షశాస్త్రం చదివిన మన పిల్లలు ఎవరైనా ఉంటే శాస్త్రీయ నామం చేర్చమనండి. తరువాత ఆ పుస్తకాన్ని పంచాయతీకి తీసుకెళ్ళి, రిజిస్టరులో స్థానిక పేరు గడిలో తెలుగు పేరు కూడా రాయించండి. స్థానికం అంటే అక్కడ పుట్టి, అక్కడ మేపి, అక్కడ చచ్చేవాళ్ళ మాట కూడా. బరంపురంలో, తేనిలో, షోలాపూరు చుట్టుపక్కల, బళ్ళారి పల్లెల్లో మన మాట ఆ లెక్కన స్థానికమే.

మందల వెంట తిరిగేవాళ్ళు ఏటేటా తగ్గుతున్నారు. వాళ్ళ పిల్లలు పట్నాల్లో పనులకు పోతున్నారు. పోవద్దని చెప్పే అధికారం ఎవరికీ లేదు. వెళ్ళేముందు ఒక సెలవురోజు తాత వెంట, అవ్వ వెంట మందలో నడిచి, మేక ఏ ఆకు దగ్గర మూతి తిప్పుకుంటుందో చూసి, దాని పేరేమిటని అడిగి రాసుకుంటే చాలు. ఆ పేర్లు వచ్చిన కొద్దీ పత్రికకు పంపితే సంపాదకులు చోటివ్వకపోరని నా నమ్మకం.